సెలవుతో పాటు కాగితం కూడా

చిట్టితల్లీ,

కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో నీకు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్, అంటే ఉద్యోగుల సెలవులు, సర్వీసు రికార్డులు చూసే పని, ఇచ్చారని మీ నాన్న చెప్పగానే కడుపు నిండిపోయింది. పిల్లల తల్లుల్ని అక్కడ కన్నవాళ్లలా చూసుకుంటారని కూడా అన్నాడు. అది విన్నాక భయం పట్టుకుంది. మంచితనం ఉన్న ఆఫీసుల్లోనే ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ఈ ఉత్తరం దానికోసమే.

తేలికవి ముందు చెప్పేస్తాను. ప్రసూతి సెలవు 180 రోజులు, బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉంటేనే. తండ్రికి 15 రోజులు. కాన్పయిన ఆరు నెలల్లోగా వాడుకోకపోతే అది పోయినట్టే. మగవాళ్లు అడగడానికి మొహమాటపడతారు, నువ్వే గుర్తుచెయ్యి. ఈ రెండింటినీ సెలవు ఖాతాలోంచి తగ్గించకూడదు.

సీసీఎల్, అంటే పిల్లల సంరక్షణ సెలవు, దాని దగ్గర మాత్రం నెమ్మదిగా నడువు. మొత్తం సర్వీసులో 730 రోజులు, బతికున్న పిల్లల్లో పెద్దవాళ్లిద్దరి కోసం, వాళ్లకు 18 ఏళ్లు నిండేదాకా. ఏడాదికి మూడు విడతలు, ఒంటరి తల్లికి ఆరు. ఏ విడతా ఐదు రోజులకు తగ్గకూడదు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, మిగతా 365 రోజులకు 80 శాతం. 2018 నుంచి ఒంటరి తండ్రికీ ఈ సెలవుంది.

మధ్యలో వచ్చే శని, ఆదివారాలు సెలవు లెక్కలోకే వస్తాయి, ముందూ వెనకా వచ్చేవి రావు. ఒకామె శుక్రవారం నుంచి మంగళవారం దాకా రాసిందనుకో. ఐదు రోజులు ఖర్చయ్యాయి, ఆఫీసు పనిదినాలు మాత్రం మూడే. అదే సోమవారం నుంచి శుక్రవారం దాకా రాస్తే ఐదు రోజుల ఖర్చుతోనే బిడ్డ దగ్గర తొమ్మిది రోజులు ఉండొచ్చు. దరఖాస్తు చేతికొచ్చినప్పుడు క్యాలెండర్ తెరిచి ఆమెకు చూపించు. నిమిషం పని.

ఇక నా భయం. బిడ్డకు డెంగీ వచ్చిందని తల్లి ఏడుస్తూ ఫోన్ చేస్తుంది. ‘‘నువ్వెళ్లమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం’’ అంటారు సెక్షన్లో. మూడు వారాలకు తిరిగొస్తుంది, పేరుకుపోయిన పనిలో పడిపోతుంది. జీతం ఆగలేదు కాబట్టి ఆమెకూ గుర్తురాదు, మీకూ గుర్తురాదు. వెళ్లమన్న అధికారి బదిలీ అయిపోతాడు. 18 ఏళ్ల సర్వీసు వెరిఫికేషన్లో ఎవరో కొత్తవాళ్లు చూస్తారు: హాజరులో 21 రోజులు ఖాళీ, సర్వీసు బుక్కులో ఎంట్రీ లేదు. ఇక అది అనధికార గైర్హాజరు. డైస్ నాన్, అంటే సర్వీసుగా లెక్కించని రోజులు, అని రాస్తే ఆ రోజులు పెన్షన్ లెక్కలోకి రావు, జీతం వెనక్కి కట్టాలి. సర్వీసులో బ్రేక్ అని తేలిస్తే అంతకుముందు చేసిన సర్వీసుకే ఎసరు. వెనకటి తేదీతో సీసీఎల్ ఇద్దామంటే, ముందస్తు మంజూరు లేకుండా ఆ సెలవుపై వెళ్లకూడదని నిబంధన. ఉన్న ఆర్జిత సెలవు కోసుకోవడమో, జీతం లేని అసాధారణ సెలవుగా మార్చమని అర్జీ పెట్టుకోవడమో మిగులుతుంది. ఎవరూ చెడు తలపెట్టలేదు. అయినా ఇరవై ఏళ్లు ఒళ్లొంచి పనిచేసిన మనిషి ఆడిట్ ముందు దోషిలా నిలబడాలి. ఇది నాకు మనసుకు పట్టదు తల్లీ, నీ చేతిమీదుగా జరగకూడదు.

అందుకే ఫోన్ పెట్టేయకముందే ఆమెతో రెండు వాక్యాల మెయిల్ పెట్టించు: ఏ బిడ్డ కోసం, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా. అదే పూట నోటు పెట్టు, మంజూరు చేసే అధికారి సంతకం తీసుకో. శాంక్షన్ ఆర్డరు ఆమెకొకటి, జీతాల సెక్షన్‌కొకటి వెళ్లాలి. సర్వీసు బుక్కుతో ఉండే సీసీఎల్ ఖాతాలో రోజులు, మిగులు, అధికారి పొట్టి సంతకం పడ్డాకే ఫైలు మూసెయ్యి. ఏటా సర్వీసు బుక్కు ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్న రూలును కూడా కచ్చితంగా పాటించు. పదిహేనేళ్ల తర్వాత దొరికే ఖాళీ ఆ ఏడే దొరుకుతుంది.

ఇంకొకటి, చెప్పడానికే కష్టంగా ఉంది. బిడ్డ మృతశిశువుగా పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు పోయినా, 2022 నుంచి తల్లికి 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవుంది. దానికీ షరతులున్నాయి, ఉత్తర్వు దగ్గర పెట్టుకుని చదువు. గర్భస్రావమైతే మొత్తం సర్వీసులో 45 రోజులు. ఆ తల్లి చేత ఫారం నింపించకు, ఆఫీసుకు రమ్మనకు. నువ్వే నింపి, సంతకం చోట పెన్సిల్‌తో గుర్తుపెట్టి, నమ్మకమైన వాళ్ల చేత ఆమె ఇంటికి పంపు. డాక్టరు సర్టిఫికెట్ గురించి భర్తనో అక్కనో అడుగు. తిరిగొచ్చిన రోజు ఆమె సీటు దగ్గర జనం గుమిగూడకుండా చూడు.

జాయినైన వారంలోనే అల్మారాలో మంజూరు కాకుండా ఉన్న దరఖాస్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయి. వాటిలో పాతది ఏ సంవత్సరానిదో కూడా రాయి.

ప్రేమతో,
నీ పెద్దత్త