ఆ మాటను తొందరపడి తెలుగు చెయ్యకు

చిట్టితల్లీ,

ఫ్రెంచి రచయిత చిన్న డ్యూమా (నవలలు రాసిన పెద్ద డ్యూమా కొడుకు) రాసిన 'దెమి-మోంద్' నాటకాన్ని తెలుగు చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పట్టలేని సంతోషంతో పక్కింటివాళ్ళకి కూడా చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మొత్తం రెండుసార్లు చదివాకే మొదలుపెట్టు. సంభాషణలు పైకి చదివి చూసుకో. ఇవి నీకు తెలిసినవే. నా టెన్షనంతా ఆ పేరు గురించే. 'వెలయాళ్ళ లోకం' అని అప్పుడే పెట్టేశావట! ఎందుకమ్మా అంత తొందర?

దెమి అంటే సగం, మోంద్ అంటే లోకం. పెద్దింటివాళ్ళ సమాజాన్నీ అక్కడ మోంద్ అనే అంటారు. మగవాళ్ళ డబ్బుతో దర్జాగా బతికే ఆడవాళ్ళనే అర్థం ఆ మాటకి తర్వాత అంటుకుంది. 1855లో నాటకం ఆడినప్పుడు డ్యూమా చెప్పింది వేరు. ఇల్లాళ్ళ నుంచి సగం లోకపు ఆడవాళ్ళని విడదీసేది రచ్చకెక్కిన అపవాదు, వేశ్యల నుంచి విడదీసేది డబ్బు అని ముందుమాటలో ఆయనే రాశాడు. ఫ్రాన్సులో 1816 నుంచి 1884 దాకా విడాకులు లేవు. మొగుడితో విడిపోయిన మనిషికి మళ్ళీ పెళ్ళి లేదు, పాత గౌరవమూ లేదు. ఆ సగం లోకంలోనే ఉండిపోవాలి.

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కాలేజీలో ఉండగా ఆ నాటకంలోని పీచ్ పళ్ళ ఘట్టం తెలుగు చేశాను. ఒక బుట్టలో పళ్ళు ఒకదానికొకటి తగలకుండా మధ్యన ఆకులుంటాయి. పక్కన ఇరికించి పెట్టినవి తక్కువకి, 15 సూలకే (సూ అంటే అప్పటి ఫ్రెంచి చిల్లర నాణెం) ఇస్తారు. చూడ్డానికి అన్నీ ఒకటే, తిప్పి చూస్తే చిన్న మచ్చ. సగం లోకపు ఆడవాళ్ళు ఆ మచ్చ పళ్ళలాంటివాళ్ళని చెప్పడం. దానికి 'వేశ్యాలోకం' అని పేరు పెట్టి మా పిన్నికి చదివి వినిపించాను. మీ చిన్నమ్మమ్మ నీకు గుర్తుండదు. మొగుడి దగ్గర ఉండలేక పుట్టింటికి వచ్చేసిన మనిషి. రోజూ సాయంత్రం నా చేత ఏదో ఒకటి చదివించుకునేది.

చింతపండు గింజలు తీస్తూ విని, "మొగుణ్ణి వదిలేసినవాళ్ళు కూడా ఇందులోకే వస్తారా?" అని అడిగింది.

"అవును పిన్నీ, ఫ్రెంచివాళ్ళు అలాగే అంటారు" అన్నాను, అంతా తెలిసినట్టు.

ఏమీ అనలేదు. మిగిలిన గింజలన్నీ తీసి, చాట ఎత్తి లోపల పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను చదవమని అడగలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా ఆ చాట చప్పుడు నా చెవిలోనే ఉంది.

డ్యూమా కూడా పెళ్ళికాని తల్లికి పుట్టినవాడే. తండ్రి చట్టప్రకారం కొడుకని ఒప్పుకునేసరికి ఆరేళ్ళు దాటాయి. అలాంటివాడు, ఈ నాటకంలో సగం లోకపు మనిషైన సుజాన్‌ని పరువున్న ఇంటి గుమ్మం దాటనివ్వకపోవడం నాకిప్పటికీ మింగుడు పడదు. నాటకాన్ని మార్చమనను. ఆవిడ మాటలు రాసేటప్పుడు మాత్రం చెయ్యి నెమ్మదిగా నడిపించు, బంగారూ.

పేరు 'సగం లోకం' అని పెట్టు, లేదా దెమి-మోంద్ అనే ఉంచెయ్. మొదటి అంకం అవగానే పంపు. కళ్ళజోడు మార్చుకున్నాను, చిన్న అక్షరాలైనా చదవగలను.

మీ పెద్దమ్మ