ఎమ్‌డి లైను తీసేస్తే 140 ఫోటోలు ఏమయ్యాయి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బ్యాచ్ ఫైళ్ల (విండోస్ కమాండ్లను వరసగా రాసి ఒకేసారి నడిపే ఫైళ్లు) మీద అడిగినవే ఎక్కువ కాబట్టి వాటికే చోటిస్తున్నాను. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

ప్రశ్న: సార్, నేను గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాను. రోజూ సాయంత్రం గెలాక్సీ గ్రానైట్ స్లాబుల ఫోటోలను కెమెరా కార్డు నుంచి కంప్యూటర్‌లో ఆ రోజు తేదీ పేరున్న ఫోల్డర్‌లోకి మార్చాలి. దానికి ఒక్కో ఫోటోనూ మూవ్ కమాండ్‌తో పంపే చిన్న బ్యాచ్ ఫైలు రాసుకున్నా. అదే రోజు రెండోసారి నడిపితే ‘ఫోల్డర్ ఇప్పటికే ఉంది’ అని ఎర్రర్ వస్తోందని, ఫోల్డర్ తయారుచేసే ఎమ్‌డి లైను తీసేశాను. మర్నాడు నడిపితే 140 ఫోటోలకు ఒక్క ఫైలు మిగిలింది, అదీ తెరుచుకోవడం లేదు. కార్డు కూడా ఖాళీ. ఓనరు గారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: అమ్మా, ముందు ఆ కార్డును కెమెరాలోంచి తీసి పక్కన పెట్టండి. దాంతో ఒక్క కొత్త ఫోటో కూడా తీయకండి, ఫార్మాట్ చేయమని అడిగినా చేయకండి. మూవ్ కమాండ్ ఒక డ్రైవ్ నుంచి ఇంకో డ్రైవ్‌కి పంపేటప్పుడు మొదట కాపీ చేసి, తర్వాత అసలు ఫైలును తీసేస్తుంది, తీసేయడమంటే కార్డు మీద ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకోవడమే, ఫోటో తాలూకు డేటా దాని మీద ఇంకేదో రాసేదాకా చాలావరకు అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, దాంతో కార్డును వెతికించి దొరికినవాటిని కార్డులోకి కాకుండా కంప్యూటర్‌లోకి సేవ్ చేయించండి. ఫైళ్ల పాత పేర్లు తిరిగి రావు. స్లాబు మీద రాసిన నంబరు ఫోటోలో కనిపిస్తుంటే దాన్ని చూసి మళ్లీ పేర్లు పెట్టుకోవచ్చు.

మిగిలిన ఆ ఒక్క ఫైలు పాడైంది కాదు, అది మీ చివరి ఫోటోనే. పేరు చివర చుక్క, జెపిజి చేర్చి చూడండి, తెరుచుకుంటుంది.

జరిగిందేమిటంటే, మూవ్‌కి మీరిచ్చిన చివరి మాట ఉన్న ఫోల్డర్ పేరైతే ఫైలు ఆ ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే మాత్రం, ఫైలుకు ఆ కొత్త పేరు పెట్టమంటున్నారని అనుకుంటుంది. కాబట్టి మొదటి ఫోటో తేదీ పేరున్న ఫైలు అయింది, రెండోది దాని మీద పడింది, మూడోది రెండోదాని మీద, అలా 140 దాకా. చేత్తో టైప్ చేస్తే ‘పాతదాని మీద రాయమంటారా’ అని అడుగుతుంది, బ్యాచ్ ఫైలు లోపలి నుంచి నడిస్తే మాత్రం అడగదు. ఈ సంగతి మూవ్ హెల్ప్‌లో రాసే ఉంటుంది కానీ దెబ్బ తగలకముందు దాన్ని తెరిచి చదివేవాళ్లు తక్కువ.

మార్చాల్సినవి ఇవి. ఎమ్‌డి లైను ఉండాలి, దానికి ముందు ‘ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్’ (లేకపోతేనే అని) పెడితే ఫోల్డర్ ఉన్నప్పుడు ఎర్రర్ రాదు. గమ్యం పేరు చివర బ్యాక్‌స్లాష్ వేయండి, అప్పుడు ఫోల్డర్ లేకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది తప్ప కొత్త పేరు పెట్టదు. ఫోల్డర్ పేర్లలో ఖాళీలుంటే దారి మొత్తానికి డబుల్ కోట్లు పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, మూవ్ బదులు కాపీ వాడండి. ఆఫీసులో లెక్క చూసుకున్నాక కార్డును కెమెరాలోనే ఖాళీ చేయండి, ఆ ఒక్క పని చేతి మీదే ఉండనివ్వండి. కాపీ కూడా బ్యాచ్‌లో నడిస్తే అడక్కుండా పాతదాని మీద రాసేస్తుంది, అందుకని రెండు కెమెరాలుంటే రెండు ఫోల్డర్లు పెట్టండి, రెండింట్లోనూ 0001 నంబరు ఫోటో ఉండొచ్చు కదా.

ఇంకొకటి. తేదీని, విండోస్ ఆ రోజు తేదీ ఉంచే %డేట్%లోంచి ముక్కలు కోసి తీసుకుంటున్నట్టున్నారు. అది విండోస్‌లో తేదీ ఎలా చూపించమని సెట్ చేశారో దాన్ని బట్టి మారిపోతుంది, మన దగ్గర 05-03 అని రోజు ముందు వస్తే అమెరికా సెట్టింగ్‌లో వారం పేరు, ఆ తర్వాత నెల వస్తాయి. మీ కంప్యూటర్‌లో సరిగ్గా నడిచిన ఫైలు పక్క టేబుల్ మీద తప్పు ఫోల్డర్ పెడుతుంది. తేదీ కోసం పవర్‌షెల్ (విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ భాష) గెట్-డేట్‌ని ఫర్ /ఎఫ్‌తో (ఒక కమాండ్ ఇచ్చిన జవాబును మన ఫైల్లోకి తెచ్చే కమాండ్) పిలవండి. ఫార్మాట్‌లో పెద్ద ఎమ్‌లు రాస్తే నెల, చిన్న ఎమ్‌లు రాస్తే నిమిషాలు, అక్కడ జాగ్రత్త.

ఇక కొత్త ఫైలు రాయగానే నేరుగా నడపకండి. కాపీ, మూవ్, డెల్ (తుడిచేది), రెన్ (పేరు మార్చేది) ఉన్న ప్రతి లైనులో ఆ మాటకు ముందు ఎకో చేర్చండి, చివర్లో పాజ్ (మీట నొక్కేదాకా విండోను ఆపేది) పెట్టండి. అప్పుడు అది ఏ ఫైలూ కదిలించదు, ఏది ఎక్కడికి పంపబోతోందో తెర మీద రాసి చూపిస్తుంది, అంతే. ఆ 140 లైన్లలో గమ్యం పేరు చివర ఫైలు పేరు గానీ బ్యాక్‌స్లాష్ గానీ లేకపోవడం మీ కంటికే పట్టేది. చూసి నమ్మకం కుదిరాక ఎకోలు తీసేయండి.

దీని మీద ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కావలిలో మా బాబాయి ఎరువుల కొట్టులో పాత బిల్లులు తుడిచేసే ఫైలు ఒకటి రాసిచ్చాను, మొదటి లైను సీడీతో డి డ్రైవ్ ఫోల్డర్‌కి వెళ్లడం, రెండోది డెల్. సీడీకి /డి పెట్టకపోతే డ్రైవ్ మారదు, ఎర్రర్ కూడా రాదు. డెల్ వెళ్లి సి డ్రైవ్‌లో తానున్న చోటే తుడిచింది, అక్కడున్నవి ఆ సీజన్ అరువు లెక్కలు. డెల్‌తో పోయినవి రీసైకిల్ బిన్‌లోకి రావు. బాబాయి ఒక్క మాట అనలేదు, పిన్నీ ఆయనా కూర్చుని రైతుల్ని అడిగి అడిగి నోట్‌బుక్‌లో మళ్లీ రాసుకున్నారు. అప్పటి నుంచి నా ఫైళ్లలో సీడీ /డి పక్కనే, అది విఫలమైతే అక్కడే ఆగిపొమ్మని రెండు నిలువు గీతలు, ఎగ్జిట్ /బి ఉంటాయి.

ఓనరు గారికి ఈ రోజే చెప్పండమ్మా, రేపు ఇంకెవరైనా ఆ కార్డుతో ఫోటోలు తీస్తే వెనక్కి తేవడం కష్టం.

ప్రశ్న: అన్నా, నెట్ ఉందా లేదా చూడ్డానికి పింగ్ అనే పేరుతోనే బ్యాచ్ ఫైలు రాశా. డబుల్ క్లిక్ చేస్తే అదే లైను ఆగకుండా పడుతూనే ఉంది. వైరస్సా? – ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: వైరస్ కాదు తమ్ముడూ. కమాండ్ పేరు కొడితే సిఎమ్‌డి (బ్యాచ్ ఫైళ్లను నడిపే ప్రోగ్రామ్) ముందు తానున్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, ఆ తర్వాతే పాత్‌లో (కమాండ్లు వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) ఉన్న ఫోల్డర్లకు వెళ్తుంది. నీ ఫైల్లో పింగ్ అని రాయగానే అసలు పింగ్ దాకా పోకుండా నీ ఫైలే మళ్లీ మొదలవుతోంది. కంట్రోల్, సి నొక్కి ఆపి, పేరు నెట్‌చూడు అని మార్చు. సార్ట్, ఫైండ్ లాంటి పేర్లు కూడా పెట్టొద్దు.

ప్రశ్న: బీటెక్ చదువుతున్నా సార్. పవర్‌షెల్, పైథాన్ ఉండగా బ్యాచ్ నేర్చుకోవడం టైమ్ వేస్ట్ అంటున్నారు ఫ్రెండ్స్. – కనిగిరి

జవాబు: పెద్ద పని అయితే వాళ్లు చెప్పిందే నిజం. బ్యాచ్ 1981 నాటి డాస్‌తో (విండోస్‌కి ముందు కాలపు ఆపరేటింగ్ సిస్టమ్) వచ్చింది, దాని మెలికలన్నీ ఇప్పటికీ మోస్తోంది, చేత్తో టైప్ చేసేటప్పుడు ఫర్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కమాండ్) ఒక శాతం గుర్తు సరిపోతే ఫైల్లో రెండు పెట్టాలనడం లాంటివి. కానీ ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా డబుల్ క్లిక్‌తో నడుస్తుంది. పదిహేను లైన్ల లోపు పనికి బ్యాచ్ వాడు, అది దాటి లెక్కలూ జాబితాలూ వస్తే పవర్‌షెల్‌కి వెళ్లు.

ప్రశ్న: పిల్లల ప్రాజెక్టు ఫైళ్లకు తెలుగు పేర్లు పెట్టాను. బ్యాచ్‌లో ఆ పేర్లు రాస్తే ఫైలు కనపడలేదంటోంది, తెర మీద డబ్బాలు వస్తున్నాయి. – ఒక టీచర్, నెల్లూరు

జవాబు: అవి రెండు వేరు వేరు సమస్యలు టీచర్ గారూ. ఫైలు కనపడకపోవడానికి కారణం కోడ్ పేజీ, అంటే అక్షరాలను ఎలా చదవాలో చెప్పే పట్టిక. ఎకో ఆఫ్ తర్వాత లైనులో సిహెచ్‌సిపి 65001 అని రాయండి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోండి, దాని కిందే ‘బామ్‌తో’ అని ఇంకొకటి ఉంటుంది, అది వద్దు, అది పెడితే మొదటి లైను ముందు పిచ్చి అక్షరాలు చేరి ఆ లైను పనిచేయదు. డబ్బాలు రావడం మాత్రం ఆ నల్ల విండోలో వాడే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేక. కనపడకపోయినా పేరు చెడిపోదు, కాపీ అయ్యాక ఫోల్డర్ తెరిచి చూడండి, మీరు పెట్టిన పేరే ఉంటుంది.