అమ్మగారు సహాయకురాలిని వద్దంటున్నప్పుడు

ఒంటరిగా ఉంటున్న మీ అమ్మగారు సేవాసంస్థ పంపిన స్వచ్ఛంద కార్యకర్తను గుమ్మం దాటనివ్వడం లేదని రాశారు. తన ఇంటిపై తన మాట చెల్లదేమోనన్న భయమే ఇలాంటి నిరాకరణకు చాలాసార్లు మూలమని నా అభిప్రాయం. కనుక మొదటి కొన్ని వారాలు పనుల ప్రస్తావనే లేకుండా, ఒకే వ్యక్తి, ఒకే వేళకు వచ్చి కాసేపు మాట్లాడి వెళ్లేలా చూడమని సంస్థ సమన్వయకర్తను కోరండి. ఏ పని ఎప్పుడు అప్పగించాలో అమ్మగారినే నిర్ణయించనివ్వండి. మందులు ఇవ్వడం, స్నానం చేయించడం సాధారణంగా ఇలాంటి కార్యకర్తల పరిధిలోకి రావు. బ్యాంకు కార్డు మాత్రం ఎవరికీ అప్పగించవద్దు.

65 ఏళ్లు దాటినవారిలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడిపోతుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి నివేదిక చెబుతోంది కాబట్టి, ఈ పరిచయం కుదిరేలోగా జారే చాపలను తీసివేసి, పడక నుంచి స్నానాలగదికి వెళ్లే దారిలో రాత్రంతా దీపం వెలిగేలా మీరే ఏర్పాటు చేయండి.