బోర్డు మీద తుడిచేసిన బాణం

ప్రశ్న: మేడమ్, పేద దేశాల్లోనే అల్లర్లు, సైనిక తిరుగుబాట్లు ఎక్కువగా కనిపిస్తాయి. పేదవాళ్లకు ఓపిక తక్కువ కాబట్టే ఇలా జరుగుతుందని మా క్లాసులో ఒకరన్నారు. నిజమేనా? డబ్బు వస్తే స్థిరత్వం దానంతట అదే వస్తుందా? వచ్చే వారం ఇదే విషయం మీద డిబేట్‌లో మాట్లాడాలి. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: ఓపిక తక్కువ అన్న మాటను నేను ఒప్పుకోలేనమ్మా. పేదవాళ్లకున్నంత ఓపిక ఇంకెవరికీ ఉండదు. ఒక రోజు పని మానితే ఆ రోజు తిండి ఉండని మనిషికి రోడ్డెక్కే తీరిక ఎక్కడిది? అందుకే కటిక పేద దేశాలు కూడా ఏళ్ల తరబడి నోరు మెదపకుండా ఉంటాయి. ఆ మౌనాన్ని చూసి అంతా బాగుందనుకునే పాలకులే ఎక్కువ.

ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం పాఠం చెప్పాను. మొదట్లో బోర్డు మీద ఎడమ వైపు ‘పేదరికం’, కుడి వైపు ‘అశాంతి’ అని రాసి, మధ్యలో ఒక బాణం గీసేదాన్ని. 2011లో ఆ బాణాన్ని తుడిచేశాను. ఆ ఏడాది జనవరి 14న ట్యునీషియా అధ్యక్షుడు బెన్ అలీ 23 ఏళ్ల పాలన వదిలి దేశం నుంచి పారిపోయాడు. ఆఫ్రికాలో కాస్త మెరుగ్గా బతుకుతున్న దేశాల్లో ట్యునీషియా ఒకటి. అక్కడి పిల్లలు బాగా చదువుకున్నారు, ఆ చదువుకు తగ్గ ఉద్యోగాలు మాత్రం దొరకలేదు. బండి మీద పళ్లమ్ముకునే మొహమ్మద్ బువాజిజీ సరుకును అధికారులు లాక్కున్నారు. ఫిర్యాదు చేయబోతే వినేవాళ్లు లేరు. అతను ఒంటికి నిప్పంటించుకున్న 28 రోజులకు ప్రభుత్వం పోయింది. ఆకలి ఒక్కటే కాదు, మనిషిని మనిషిగా చూడకపోవడం కూడా అతన్ని కాల్చింది.

డిబేట్‌లో ముఖ్యంగా సూడాన్ గురించి చెప్పండి. 2011లో దక్షిణ సూడాన్ విడిపోయినప్పుడు చమురులో దాదాపు ముప్పాతిక భాగం దానితోపాటే వెళ్లింది. డాలర్లు తగ్గాయి, సొంత కరెన్సీ విలువ పడిపోయింది. గోధుమలు బయటి నుంచి కొనుక్కోవాల్సిన దేశం అది. సబ్సిడీలతో కొన్నేళ్లు ఎలాగో నెట్టుకొచ్చారు. 2018 చివరికి ఒక సూడాన్ పౌండు ధర ఉన్న రొట్టె మూడు పౌండ్లయింది. డిసెంబర్ 19న అట్బరా అనే రైల్వే పట్టణంలో జనం బయటికొచ్చారు, విద్యార్థులూ వాళ్లలో ఉన్నారు. అధికార పార్టీ ఆఫీసు తగలబడింది.

రొట్టె ధరకే ఇంత కోపమా అనిపిస్తుంది. కానీ ఆ చౌక రొట్టె వెనక ఎక్కడా రాసుకోని ఒప్పందం ఒకటుంది: మీరు మమ్మల్ని ప్రశ్నించకండి, మీ కడుపు మాడకుండా మేం చూస్తాం. రొట్టె ధర పెరగ్గానే జనానికి ఆ ఒప్పందం చెల్లిపోయింది. అందుకే రోజులు గడవకముందే రొట్టె మాట వెనక్కి పోయి, ‘దిగిపో, అంతే’ అనే నినాదం ముందుకొచ్చింది. దాన్ని ఊరూరా మోసింది డాక్టర్లు, టీచర్లు, లాయర్లు. 1989 నుంచి ఏలుతున్న ఒమర్ అల్ బషీర్‌ను 2019 ఏప్రిల్ 11న సైన్యమే దించేసింది.

ఈజిప్టులో 1977 జనవరిలో సబ్సిడీలు తీసేసినప్పుడూ ఇలాగే భగ్గుమంది. సాదాత్ ప్రభుత్వం వెంటనే వెనక్కి తగ్గింది కాబట్టి నిలబడింది.

ఎప్పుడూ పేదగా ఉండటం వేరు, ఉన్నది ఒక్కసారిగా చేజారడం వేరు. 41 ఆఫ్రికా దేశాల్లో 1981 నుంచి 1999 దాకా వానల లెక్కలు, అంతర్యుద్ధాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూసిన ఆర్థికవేత్తలున్నారు. ఆర్థిక వృద్ధి అయిదు శాతం పాయింట్లు పడిపోతే, మరుసటి ఏడాది అంతర్యుద్ధం వచ్చే అవకాశం దాదాపు సగం పెరుగుతోందని 2004లో తేల్చారు. వాన పడకపోతే పంట పోతుంది. పంట పోయిన యువకుడికి తుపాకీ ఇచ్చి జీతమిస్తామనేవాడు ఎదురైతే, ఏం చేస్తాడో చెప్పాలా?

జనం పేదరికంతోపాటు ప్రభుత్వం పేదరికాన్ని కూడా చూడాలి. 1992లో సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధ రంగం నుంచి వచ్చిన కుర్ర ఆఫీసర్లు అధికారం లాక్కున్నారు. వాళ్ల నాయకుడు వాలెంటైన్ స్ట్రాసర్ వయసు 25. సరిగా జీతాలు అందక, కావలసిన సామగ్రి లేక వాళ్లు అప్పటికే రగిలిపోతున్నారు. అక్కడ వజ్రాలున్నాయి. ఆ డబ్బు ఖజానాకు చేరకుండా తుపాకుల చేతికి చేరింది, యుద్ధం 2002 దాకా సాగింది.

వజ్రాలు బోట్స్వానాలోనూ ఉన్నాయి. 1966లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు అది ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. వజ్రాల ఆదాయాన్ని రోడ్లకు, బడులకు, ఆసుపత్రులకు పెట్టారు. అవకతవకలు లేవనను. కానీ ఎన్నికలు ఆగలేదు. 2024లో మొదటిసారి ఓడిన పాలక పార్టీ ఓటమి ఒప్పుకుని పక్కకు తప్పుకుంది. డబ్బు వస్తే చాలా అని అడిగారు కదా, దానికి ఈ రెండు దేశాలే జవాబు.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. ఆఫ్రికాలో సాయుధ గ్రూపుల్లో చేరినవాళ్లతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మాట్లాడి 2017లో నివేదిక ఇచ్చింది. చివరకు తమను అటు తోసింది సర్కారు చేసిన పనేనని, అంటే తమవాళ్లను చంపడమో అరెస్టు చేయడమో అని, 71 శాతం మంది చెప్పారు. వాళ్లలో చాలామంది పేదలే. కానీ వాళ్లు చెప్పుకున్నది పోలీసు గురించి, సైనికుడి గురించి.

బాణం తుడిచేశానన్నాను కదా, తర్వాత మళ్లీ గీశాను, కాకపోతే ఎదురు దిక్కుకు, అంటే అశాంతి నుంచి పేదరికం వైపుకు. సూడాన్‌లో 2021 అక్టోబర్‌లో సైన్యం మళ్లీ అధికారం లాక్కుంది. 2023 ఏప్రిల్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలై, కోటి మందికి పైగా ఇళ్లు వదిలి పోయారు. 2024 ఆగస్టులో ఉత్తర దార్ఫుర్‌లోని జమ్‌జమ్ శిబిరంలో తీవ్ర కరువు ఉందని నిపుణులు నిర్ధారించారు. రొట్టె ధర తగ్గించమని జనం రోడ్డెక్కి అప్పటికి ఆరేళ్లు కూడా నిండలేదు.