కొడుకు చర్చికి రానన్నాక, డిసెంబరులో కారులో తిరిగిన రెండు రోజులు

పదిహేనేళ్ల మీ అబ్బాయి మూడు నెలలుగా చర్చికి రావడం లేదని రాశారు. బలవంతపెడితే మీకు దూరమవుతాడేమో, ఊరుకుంటే విశ్వాసానికి దూరమవుతాడేమో అని నలిగిపోతున్నారు. శీతాకాలం సెలవుల్లో ఇద్దరూ ఎక్కడికైనా వెళ్లొస్తే మారతాడా అని అడిగారు. రెండేళ్ల కిందట సరిగ్గా ఇదే దిగులుతో నేను మా అబ్బాయిని కారు ఎక్కించుకుని రాజమండ్రి నుంచి కోనసీమ మీదుగా నరసాపురం దాకా వెళ్లాను. వాడికీ అప్పుడు పదిహేనేళ్లే. మారతాడో లేదో చెప్పలేను కానీ, మాకు జరిగింది జరిగినట్టు చెబుతాను.

ముందుగా మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీల కుటుంబాలు నరసాపురంలో స్థిరపడి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ వల్లే మా ముత్తాతల కాలంలో ఈ విశ్వాసం మా ఇంటికి వచ్చింది. మా నాన్న కాట్రేనికోన వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో సంఘపెద్ద. మా కూటాల్లో జీతం తీసుకునే పాస్టరుగారు ఉండరు. ఆదివారం యేసు కడరాత్రి విందును తలుచుకుంటూ రొట్టె విరుస్తారు, పెద్దలు వాక్యం చెబుతారు. మా ఊళ్లో ఇంటి మీద నక్షత్రం కట్టేవాళ్లం కాదు, క్రిస్మస్ చెట్టు పెట్టేవాళ్లం కాదు. ఆడవాళ్లం తల మీద కొంగు కప్పుకుని ఒక పక్కన చాపల మీద కూర్చునేవాళ్లం, కూటంలో లేచి మాట్లాడేవాళ్లం కాదు. పెళ్లయ్యాక రాజమండ్రిలో మా అత్తగారింటి వాళ్ల లూథరన్ చర్చికి వెళ్తున్నాను. అక్కడ ఆడవాళ్లు లేచి సాక్ష్యం, అంటే తమ జీవితంలో దేవుడు చేసిన మేలు, చెబుతారు. నేను మాత్రం ఇంతవరకూ లేచింది లేదు.

మా నాన్న సాక్ష్యం మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తుఫాను ముంచేసింది. నాకప్పుడు పన్నెండేళ్లు. కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడు ఆ రాత్రంతా ఆగలేదు. మా పేటలో అన్నీ తాటాకిళ్లూ పెంకుటిళ్లూ, ప్రార్థన మందిరం ఒక్కటే డాబా. నాన్న ఇంటింటికీ తిరిగి నలభైమందిని అందులోకి చేర్చాడు. మోకాలు దాటిన నీళ్లలో పిల్లల్ని బల్లల మీద నిలబెట్టారు. తెల్లారేసరికి నలభైమందిమీ ప్రాణాలతో ఉన్నాం. ఆ తుఫానులో మొత్తం వెయ్యిమందికి పైగా పోయారు. వాళ్లలో వేటకు సముద్రం మీదికి వెళ్లి తిరిగి రానివాళ్లు ఎందరో. మా పక్కింటి అత్త భర్త కూడా అలాగే రాలేదు. ఆయనా మా సంఘస్తుడే, ఆదివారం నాన్న పక్కనే కూర్చునేవాడు.

నాన్న పోయినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో ఒక పెద్దాయన ఈ సాక్ష్యం చెప్పి, విశ్వసించినవారిని ప్రభువు కాపాడాడని ముగించారు. ఇంటికి వచ్చే దారిలో మా అబ్బాయి అడిగాడు. "అమ్మా, మరి ఆ పక్కింటాయన విశ్వసించలేదా?" నేను వెంటనే, "దేవుడి చిత్తాన్ని అలా ప్రశ్నించకూడదు" అన్నాను. అంతే, తర్వాతి ఆదివారం నుంచి వాడు చర్చికి రానన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో నాకు ఆ రోజే తెలుసు. కానీ ఏడాదిపాటు వాడినే సరిచేయాలని చూశాను. యువజనుల కూటానికి పంపాను, మా చర్చి పాస్టరుగారి చేత మాట్లాడించాను, ఉపవాసం ఉండి ప్రార్థించాను. వాడు మర్యాదగా అన్నీ విని ఊరుకునేవాడు.

నాన్న పోయి ఏడాది అయ్యాక, డిసెంబరులో, సమాధి చూసి వద్దాం రమ్మంటే ఒప్పుకున్నాడు. ఉదయం ఆరింటికి బయల్దేరితే ధవళేశ్వరం బ్యారేజీ మీద ముందు వెళ్తున్న లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడనంత మంచు. బండి పక్కకు ఆపి, మంచు విడేదాకా ఏటిగట్టు మీద నిలబడ్డాం. గౌతమీ వసిష్ఠలుగా గోదావరి విడిపోయేది అక్కడే. కాటన్ దొర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాడని, ఆయన చాలా భక్తిపరుడని తాతయ్య చెబుతుండేవాడని అన్నాను. మా వాడు నీళ్లవైపే చూస్తూ, "ఆయన కరువు పోవాలని ప్రార్థించి కూర్చోలేదు కదమ్మా, ఆనకట్ట కట్టాడు" అన్నాడు. మామూలుగా అయితే వెంటనే ఒక వాక్యం ఎత్తి జవాబిచ్చేదాన్ని. ఆ రోజు నోరు అదుపులో పెట్టుకున్నాను. వాడన్నదాంట్లో నిజం ఉంది.

బొబ్బర్లంక దాటి ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. అక్కడి నుంచి రోడ్డు పొడవునా ధాన్యం ఆరబోసి ఉంది. కోతలు అయిపోయిన చేలల్లో కుప్పలు, రోడ్డు అంచున బరకాలు కప్పిన రాశులు, ప్రతి పేట మొదట్లో వెదురు గడకు కట్టిన కాగితపు నక్షత్రం. బండి నెమ్మదిగానే నడపాలి. కారులో మాట్లాడుకోవడంలో ఒక సుఖం ఉంది, ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే పిల్లలకు విచారణలా అనిపిస్తుంది.

రావులపాలెం దాటాక, ఎవరూ అడగకుండానే చెప్పాను. "నువ్వు అడిగిన ప్రశ్నే నాకు పన్నెండేళ్లప్పుడు వచ్చింది. ఇంటికి వచ్చినవాళ్లకు నాన్న సాక్ష్యం చెబుతుంటే నేను పక్కింటి అత్త చేతులకేసి చూసేదాన్ని. ఆవిడ కొంగు అంచుని మడిచి, విప్పి, మళ్లీ మడిచేది. నేను ఎవరినీ అడగలేదు. ఇప్పటికీ నాకు జవాబు దొరకలేదు. దొరక్కుండానే ప్రార్థన చేస్తున్నాను."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి నన్నెందుకు అడగొద్దన్నావు?" అన్నాడు.

"భయమేసింది. నువ్వు అడిగితే నాది కూడా బయటపడుతుందని."

అప్పుడు వాడు పూతరేకుల పెట్టె విప్పి, ఒకటి తీసి నా నోటి దగ్గర పెట్టాడు. రేకు విరిగి పొడి నా ఒళ్లోనూ గేరు మీదా రాలింది. చర్చి గొడవ మొదలయ్యాక వాడు నాకు తినిపించడం అదే మొదటిసారి. ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, ఏడాదిగా నేను చెప్పిన వాక్యాలు చేయలేని పని ఈ నాలుగు మాటలు చేశాయి. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి ఉన్నాడు కదా. నమ్ముతున్నాను అంటూనే, తనలోని అపనమ్మకం పోయేలా సాయం చేయమని అదే నోటితో వేడుకుంటాడు. కొడుకు కోసం వచ్చినవాడు ముందు తన సంగతి ఒప్పుకున్నాడు. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చదివిన ఆ భాగం నాకు ఆ డిసెంబరులోనే అర్థమైంది.

సమాధి దగ్గర పెద్దగా ఏమీ జరగలేదు. గడ్డి పీకి, నీళ్లు పోసి కడిగాం. వాడు తాతయ్య పేరు మీద మట్టిని వేలితో తీశాడు. ఆ రాత్రి అమలాపురంలో చుట్టాలింట్లో పడుకున్నాం.

మర్నాడు బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ వైనతేయ దాటి పాసర్లపూడి మీదుగా రాజోలు వైపు వెళ్లాం. 1995 జనవరిలో పాసర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఆ రోజుల్లో నేను రాజోలులో పిన్నివాళ్లింట్లో ఉన్నాను. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉంటే లోకాంతంలో యేసు ప్రభువు తిరిగి వచ్చే రాకడ వచ్చేసిందనుకుని పక్కలో వణికిపోయాను. ఈ సంగతి చెబితే మా వాడు "నీ భక్తిలో సగం భయమేనా?" అని అడిగాడు. చిన్నప్పుడు సగం కంటే ఎక్కువే అని ఒప్పుకున్నాను.

సఖినేటిపల్లి రేవులో కారును ఏరు దాటించే పంటు మీదికి ఎక్కించడం నాకు అదే తొలిసారి. చెక్కల మీద చక్రాలు పట్టుకోవేమోనని చేతులు వణికాయి. పంటు కుర్రాడు రెండు చేతులూ ఆడిస్తూ రండి రండి అంటుంటే, మా వాడు కిందికి దిగి ఇంకో పక్కన నిలబడి వాడూ దారి చూపించాడు. వసిష్ఠ అక్కడ చాలా వెడల్పు, కాస్త దిగువన అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. డీజిలు వాసన, చల్లగాలి, అవతల మంచులో నరసాపురం.

మేం ఏరు దాటింది ఆ పక్కింటి అత్తను చూడటానికే. ఇప్పుడు నరసాపురంలో కూతురి దగ్గర ఉంటోంది. భర్త పోయాక లేసు అల్లి పిల్లల్ని పెంచింది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు ఇక్కడి ఆడవాళ్లకు నేర్పిన పని అది. మేం వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని అల్లుతోంది. చూపు ఆనడం లేదట, వేళ్లతోనే లెక్కపెట్టుకుంటోంది. మా వాడు ఆవిడ పక్కన కూర్చుని, నేను కలలో కూడా అడగలేని మాట అడిగాడు.

"అమ్మమ్మా, మీకు దేవుడి మీద కోపం రాలేదా?"

సూది ఆగలేదు. "వచ్చింది బాబూ. మూడేళ్లు మందిరం గడప తొక్కలేదు. మీ తాత ప్రతి శనివారం బియ్యం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేవాడు. మందిరానికి రమ్మని ఒక్కనాడూ అనలేదు. నాలుగో ఏడు నేనే వెళ్లాను. నేను వెళ్లినప్పటి నుంచి మీ తాత ఆ సాక్ష్యం చెప్పడం మానేశాడు. నవంబరు ఆరున లేచి, ఆ రాత్రి పోయినవాళ్ల పేర్లు చదివి కూర్చునేవాడు. ఇంకేమీ చెప్పేవాడు కాదు."

నాకు ఈ సంగతి తెలియదు. 1999లో హాస్టలుకు వెళ్లిపోయాక ఏ నవంబరులోనూ నేను ఊళ్లో లేను. నాన్న కూడా ఎప్పుడూ చెప్పలేదు. కూడికలో పాత సాక్ష్యాన్ని చెప్పిన పెద్దాయనకూ తెలిసి ఉండదు. ఆ అరుగు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. అత్త ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. మా వాడు ఆవిడ చేతిలోని లేసునే చూస్తూ ఉండిపోయాడు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ప్రయాణం పెట్టుకోండి, కానీ వాడిని మార్చడానికని పెట్టుకోకండి. పిల్లలు అది ఇంటి వీధి దాటకముందే పసిగడతారు. మీ విశ్వాసం ఎక్కడ మొదలైందో, ఎక్కడ దెబ్బతిన్నదో ఆ చోట్లు చూపించండి. మీకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి మీ అంతట మీరే చెప్పండి. మీకంటే ఎక్కువ పోగొట్టుకుని కూడా ప్రార్థన విడవనివాళ్లు మీ బంధువుల్లో ఉంటే, వాడినే అడగనివ్వండి, మీరు మధ్యలో మాట్లాడకండి. దారి విషయంలో ఒక్క జాగ్రత్త, డిసెంబరులో ఏటిగట్టు రోడ్ల మీద మంచు విడేదాకా బండి తీయకండి. మేం ఆరింటికి బయల్దేరి తప్పు చేశాం.

మా వాడు ప్రతి ఆదివారం వస్తున్నాడా అంటే, రావడం లేదు. నెలలో ఒకటి రెండు సార్లు వస్తాడు, వెనక వరుసలో కూర్చుంటాడు. రాని రోజు నేను రమ్మనను. మొన్న నవంబరు ఆరున సాయంత్రం నేను వంటింట్లో ఉండగా, ముందుగదిలో వాడి గొంతు వినబడింది. నరసాపురం ఫోను చేశాడు. "అమ్మమ్మా, ఆ పేర్లు మీకు గుర్తున్నంతవరకు చెప్పండి, నేను రాసుకుంటాను" అంటున్నాడు. పొయ్యి కట్టేసి, చప్పుడు చేయకుండా అక్కడే నిలబడ్డాను.