ఈ వారం రాజీనామా రాయకు

తల్లీ,

బాబుకి జ్వరం, ఆఫీసులో చీవాట్లు, రాత్రుళ్లు నిద్ర లేదు, ఇక ఉద్యోగం మానేస్తానని రాశావు. మానాలో వద్దో తర్వాత చూద్దాం. నిద్ర లేని వారంలో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకు.

ఎన్నో ఏళ్లు షిఫ్టులు వేసిన దాన్ని కాబట్టి చెప్తున్నాను. పిల్లల్ని ఒంటరిగా పెంచుకునే ఆడవాళ్లు పని చేతకాక మానేయడం నేను చూడలేదు. పిల్లాణ్ణి చూసే మనిషి ఒకరోజు రాకపోవడంతో మొదలవుతుంది. ఆ రోజు సెలవు, మర్నాడు ఆలస్యం, ఆపైన సంజాయిషీ, చివరికి నావల్ల కాదన్న దిగులు.

అందుకే ముందు రెండో మనిషిని వెతుక్కో. మొదటామె ఎంత మంచిదైనా ఆమెకూ ఒంట్లో బాగుండని రోజులుంటాయి కదా. రెండో మనిషి చుట్టమే కానక్కర్లేదు, నీలాగే పిల్లలున్న స్నేహితురాలైనా చాలు. కానీ అవసరం పడ్డ రోజునే ఫోన్ చేస్తే కుదరదు. బాబుకి ఆమె ముందే అలవాటవ్వాలి. అప్పుడప్పుడు ఊరికే ఒక పూట ఆమె దగ్గర వదిలిపెట్టు. డే కేర్‌లో ఆమె నంబరు రాయించు, బాబుని తీసుకెళ్లడానికి అనుమతి కూడా ముందే ఇచ్చి ఉంచు. ఆమెకి అవసరమైనప్పుడు నువ్వూ ఆమె పిల్లల్ని చూడాలి సుమా.

చిన్నపిల్లలకి ఏడాదికి 6 నుంచి 8 సార్లు జలుబు చేయడం మామూలే. డే కేర్‌కి వెళ్లేవాళ్లకి ఇంకా ఎక్కువ. అది నీ పెంపకంలో లోపం కానే కాదు. కొన్ని సెలవులు వాడి కోసమని ఏడాది మొదట్లోనే పక్కన పెట్టేయ్.

మేనేజరుతో మాట్లాడటం అన్నిటికన్నా ముఖ్యం. అంతా సవ్యంగా ఉన్న రోజు చూసుకుని వెళ్లు. ఇబ్బందిగా ఉందని ఊరుకోకుండా ఏం కావాలో అడుగు. "పొద్దున అరగంట ముందొస్తాను, సాయంత్రం అరగంట ముందు వెళ్తాను. రెండు నెలలు చూడండి, పని ఆగితే పాత టైముకే వస్తాను" అను. గడువు పెట్టి అడిగితే ఒప్పుకోవడం వాళ్లకీ తేలిక, ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఒప్పుకున్న మాటని ఆరోజే మెయిల్‌లో రాసి పంపు, మేనేజరు మారితే నోటిమాట నిలవదు. వచ్చే నెల షిఫ్టులు ముందే చెప్పమని కూడా అడుగు. ఏ టైముకి పిలుస్తారో తెలియని ఉద్యోగం కన్నా, కాస్త కష్టమైనా వేళలు తెలిసిన ఉద్యోగమే నీకు మేలు.

అడగడానికి సిగ్గుపడకు. కుటుంబ బాధ్యతలున్నాయన్న ఒక్క కారణంతో ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 156వ ఒప్పందంలో రాసింది. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు కాబట్టి మీ దగ్గర చట్టం ఏమంటుందో కనుక్కో.

ఇవన్నీ చేశాక కూడా అక్కడ ఊపిరాడకపోతే తప్పకుండా మారు. కాకపోతే ఇంకో ఉద్యోగం చేతికొచ్చాకే ఇది వదులు. బాబుకి జ్వరం తగ్గాక, ఆ రెండో మనిషి ఎవరవుతారో ఆలోచించి నాకు రాయి.

నీ పెద్దమ్మ