అద్వితీయులు ఇద్దరా? తెలుగు బైబిలులోని ఒక మాట గురించి

ద్వితీయోపదేశకాండము 6:4లో యెహోవాను "అద్వితీయుడు" అన్న తెలుగు బైబిలు, యోహాను 3:16లో యేసును కూడా "అద్వితీయకుమారుడు" అంటోంది కాబట్టి, అద్వితీయులు ఇద్దరుంటే దేవుడు ఒక్కడే అన్న మాట ఎలా నిలుస్తుందని మీరు అడిగారు. ఇదే ప్రశ్నను చాలా ఏళ్ల క్రితం మా సండేస్కూల్లో ఏడో తరగతి చదివే ఒక బాబు నన్ను అడిగాడు. ఒక వేలు ద్వితీయోపదేశకాండంలోనూ ఇంకో వేలు యోహాను సువార్తలోనూ పెట్టుకుని లేచి నిలబడి, "అద్వితీయుడంటే రెండోవాడు లేనివాడని మా తెలుగు మాస్టారు చెప్పారండీ, మరి ఇక్కడ ఇంకొకరు ఉన్నారు గదండీ?" అన్నాడు.

ఆ రోజు నేను చెప్పిన జవాబు తప్పు. ప్రసంగాల్లో విన్నదే అప్పజెప్పాను. హీబ్రూలో అక్కడున్న మాట "ఎహాద్" అనీ, అది పలువురు కలిసిన ఐక్యతను చెప్పే ప్రత్యేకమైన మాట అనీ, ఆదికాండము 2:24లో భార్యాభర్తలు "ఏక శరీరమైయుందురు" అన్నచోట కూడా ఇదే మాట ఉందనీ చెప్పాను. బాబు తల ఊపి కూర్చున్నాడు కానీ వాడి ముఖంలో సందేహం తీరలేదు, నిజానికి నాకూ తీరలేదు. ఆ తర్వాతే హీబ్రూ అక్షరాలు దిద్దుకుని, మూలంలోని మాట కింద అర్థం రాసి ఉండే బైబిలును ముందు పెట్టుకుని, ఆ మాట ఎక్కడెక్కడ ఉందో ఒక్కొక్క చోటే చూడటం మొదలుపెట్టాను.

ఎహాద్ అనేది మనం లెక్కపెట్టేటప్పుడు వాడే "ఒకటి" అన్న మామూలు మాట. ఆదికాండము 1:5లో "ఒక దినమాయెను" అన్నచోట ఉన్నది అదే. ఏక శరీరము అన్నప్పుడు ఇద్దరున్నారన్న సంగతి మనకు తెలిసేది అక్కడ భార్యాభర్తల ప్రస్తావన ఉండటం వల్లే గాని ఎహాద్ వల్ల కాదు. "ఒక జత చెప్పులు" అన్నప్పుడు రెండు అన్న అర్థం "జత"లో ఉంది, "ఒక"లో లేదు, ఇదీ అంతే. నన్ను ఎక్కువసేపు ఆపేసిన వచనం మాత్రం ప్రసంగి 4:8. "ఒంటరిగా నున్న ఒకడు కలడు, అతనికి జతగాడు లేడు" అని మనం చదువుకునేచోట హీబ్రూలో "యేష్ ఎహాద్ వేఏన్ షేనీ" అని ఉంది. మాటకు మాట చెప్పుకుంటే "ఒకడున్నాడు, రెండవవాడు లేడు" అని. కొడుకూ తోబుట్టువూ లేక ఒంటరిగా కష్టపడే మనిషిని చెప్పడానికి వాడిన మాట, పలువురు కలిసిన ఐక్యతకు గుర్తు ఎలా అవుతుంది?

జెకర్యా 14:9 చూశాక నాకు ఇక అనుమానం మిగలలేదు. ద్వితీయోపదేశకాండములో ఉన్నట్టే అక్కడ కూడా దేవుని నామమూ ఎహాద్ అన్న మాటా పక్కపక్కనే ఉన్నాయి. మన పాత అనువాదమే దాన్ని "యెహోవా ఒక్కడే" అని తెలుగు చేసింది. అంటే ఒకే హీబ్రూ మాటను ఒకచోట "అద్వితీయుడు" అనీ మరొకచోట "ఒక్కడే" అనీ అన్నారు. కొత్త నిబంధనలోనూ ఇదే జరిగింది. మార్కు 12:29లో యేసు ద్వితీయోపదేశకాండములోని ఆ వచనాన్ని చెప్పినప్పుడు గ్రీకులో ఉన్నది "హేయిస్", అంటే ఒకడు. అక్కడ తెలుగులో "అద్వితీయ ప్రభువు" అని ఉంటే, 1 తిమోతి 2:5లోనూ యాకోబు 2:19లోనూ అదే మాటకు "దేవుడొక్కడే" అని ఉంది. మార్కులో యేసుతో మాట్లాడుతున్న శాస్త్రి, అంటే యూదుల ధర్మశాస్త్రం తెలిసిన పండితుడు, ఆయనతో ఏకీభవిస్తూ "ఆయన తప్ప వేరొకడు లేడనియు" అని కలిపి చెప్పాడు. ఆ వచనానికి ఆనాటి యూదుడు ఏ అర్థం చెప్పుకున్నాడో తెలియడానికి అది చాలు.

ఇక యోహాను 3:16 సంగతి. అక్కడున్నది "మోనోగెనేస్" అనే వేరే గ్రీకు మాట, తనలాంటివాడు మరొకడు లేనివాడని దాని అర్థం. లూకా 7:12లో నాయీనులో చనిపోయిన యువకుడి గురించి ఇదే మాట ఉంది, మన బైబిలు అక్కడ "అతని తల్లికి అతడొక్కడే కుమారుడు" అంటుంది. హెబ్రీయులకు 11:17లో ఇస్సాకును కూడా ఇలాగే అన్నారు. అబ్రాహాముకు ఇష్మాయేలు కూడా ఉన్నాడు కాబట్టి, అక్కడ లెక్కకన్నా వాగ్దానపుత్రుడన్న ప్రత్యేకతే ముఖ్యం. యోహాను 17:3లో యేసు తండ్రిని "అద్వితీయ సత్యదేవుడవైన నిన్ను" అని ప్రార్థించినచోట గ్రీకు మాట ఇంకొకటి, "మోనోస్", అంటే కేవలం ఒక్కడు. ఇలా వేర్వేరు మాటలన్నీ తెలుగులోకి వచ్చేసరికి ఒక్క "అద్వితీయ"లో కలిసిపోయాయి. మీకు కనిపించిన చిక్కు మూలంలో లేదు, తెలుగులోనే ఉంది.

ఆ అనువాదకులను తప్పుపట్టాలని నాకు లేదు. దేవుని గురించి చెప్పేటప్పుడు గంభీరమైన మాట కావాలనుకుని ఉంటారు, "అద్వితీయుడు" అన్న మాట చెవికి ఎంత నిండుగా ఉంటుందో చిన్నప్పటి నుంచి కంఠతా పట్టినవాళ్లకు తెలుసు. కానీ తెలుగు చదివినవారికి అది ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన "ఏకమేవాద్వితీయమ్"ను గుర్తు చేస్తుంది. అక్కడి మాట సృష్టికి ముందున్న సత్తు, అంటే ఉనికి గురించి, రెండవదంటూ ఏదీ లేదన్న సంగతి గురించి. మోషే ఇశ్రాయేలీయులతో మాట్లాడుతున్నది అది కాదు. ఐగుప్తు దాటి వచ్చి, కనాను దేవతల మధ్యకు వెళ్లబోతున్న జనానికి, మీరు సేవించవలసినవాడు ఒక్కడే అని చెబుతున్నాడు. వెంటనే తర్వాతి వచనంలో "నీ పూర్ణహృదయముతోను నీ పూర్ణాత్మతోను నీ పూర్ణశక్తితోను" ఆయనను ప్రేమించమన్నది అందుకే. దేవుడొక్కడే అయినప్పుడు హృదయాన్ని పంచిపెట్టే పని ఉండదు. అందుకే నా మట్టుకు ఇక్కడ "ఒక్కడే" అన్న మాటే మేలు, ఆ చిన్న మాటలో ఉన్న పట్టు "అద్వితీయుడు"లో నాకు దొరకలేదు.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న మన విశ్వాసం వేరే వచనాల మీద నిలబడి ఉంది, 325లో నీకయలోనూ 381లో కాన్‌స్టాంటినోపుల్‌లోనూ జరిగిన సభల్లో సంఘం దాన్ని మాటల్లో పెట్టింది. నేను దాన్ని నమ్ముతాను. అయితే ఎహాద్ అన్న మాటతో దాన్ని నిరూపించబోతే, ఆ మాట మీద అది మోయలేని బరువు పెట్టినట్టవుతుంది, అద్వితీయ అన్న తెలుగు మాటతో దాన్ని కొట్టివేయబోయినా అంతే.

నేను ఇదంతా తెలుసుకునేసరికి ఆ బాబు పదో తరగతికి వచ్చాడు. ఒకరోజు ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి, అప్పుడు నీకు తప్పు చెప్పానని ఒప్పుకుని, జత చెప్పుల ఉదాహరణతో సహా అంతా చెప్పాను. "అయితే యోహాను మూడు పదహారును ఎలా అర్థం చేసుకోవాలండీ?" అన్నాడు. లూకా ఏడో అధ్యాయం తీయించి, ఆ విధవరాలి కొడుకు వచనాన్ని పైకి చదవమన్నాను.